బోడికొండ ఎక్కిన నీళ్లు

మా మేనమామ హనుమంతరాయుడి సంగతి చెప్పాలంటే ముందు ఆయన గొంతు గురించి చెప్పాలి. ఊరి ఆ చివర ఆయన ఎద్దును తిడితే ఈ చివర మా ఇంట్లో అమ్మ "మీ మామ లేసినట్టుండాడు, పొయ్యి ముట్టియ్యి" అనేది. ఏ పంచాయితీ జరిగినా, ఎవరి తప్పు ఎంతని తేల్చాల్సి వచ్చినా ఆయన రచ్చకట్ట ఎక్కాల్సిందే. తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి నాలుగు మాటలు అనడంలో ఆయనకు కడుపునిండా తిన్నంత తృప్తి ఉండేది. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో చావు జరిగినా అందరికన్నా ముందు వచ్చి కట్టెలు కొట్టించేది ఆయనే. కాని ఒకడి తప్పు చేతికి దొరికితే మాత్రం వదిలేవాడు కాదు. ఇప్పుడైతే పక్కింటికి వినబడేలా దగ్గడు కూడా. అలా ఎందుకయ్యాడో ఊరికి సగమే తెలుసు. మిగతా సగం నాకు తెలుసు.

నా పేరు మల్లిక. పీయూసీ తప్పి, సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనికి కుదిరాను. పొడుగు కర్రకు బ్రష్షు, వెనకాల ట్యాంకరు పైపు. చీకటితో మొదలుపెడితే ఎండ ముదిరేలోపల మా వరసలు అయిపోవాలి. నేను కడిగే వరసల్లో సగం మామ చేనే. పార్కు వచ్చినప్పుడు ఉన్న పదకొండు ఎకరాలూ లీజుకిచ్చేసి, అదే గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. నీలం చొక్కా, మెళ్లో విజిలు. "నా చేనికి నేనే కావిలి, చూడప్పా నా రాత" అని వచ్చేపోయేవాళ్లకు చెప్పి నవ్వేవాడు.

మా ఊరు కర్ణాటకలోని పావగడ తాలూకాలో, వల్లూరుకు దగ్గర. ఊరికి పడమర బోడికొండ ఉంది. పగుళ్లలో నాలుగు పొదలు తప్ప చెట్టూ చేమా నిలవని ఒట్టి బండ కాబట్టి ఆ పేరు. దాని కింద పెద్దచెరువు. పేరుకే చెరువు. నాకు ఊహ తెలిశాక అందులో మోకాలి లోతు నీళ్లు రెండుసార్లు చూశానేమో. మిగతా ఏళ్లంతా మేకలు తిరిగేవి, పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు. కొండ శిఖరం మీద కొండమల్లప్ప అని ఒక రాయి. గుడి లేదు, పూజారి లేడు, గాలి తప్ప తోడు లేదు.

ఆరుద్ర కార్తె దాటినా విత్తే వాన పడకపోతే మా ఊరివాళ్లు ఒక పని చేస్తారు. చెరువు నడుమ చెలమ తవ్వి, ఊరిన నీళ్లను ఇత్తడి బిందెకు ముంచి, ఒక మనిషి భుజానికెత్తుతారు. ఆ మనిషి ఒక్కడే కొండెక్కి ఆ నీళ్లు మల్లప్ప నెత్తిన పోసి రావాలి. ఊరంతా కొండ కింద తప్పెట్లు కొడుతూ కాచుకుని ఉంటుంది. దారిలో బిందె దించకూడదు, నీళ్లు ఒలకకూడదు. ఎక్కడమంటే కాళ్లున్నవాడు ఎవడైనా ఎక్కుతాడు. కష్టమంతా దిగాక ఉంటుంది. దిగినవాణ్ణి అడిగే హక్కు రామలక్ష్మమ్మ ఇంటిది. ఎనభై దాటిన ముసలమ్మ, కొండ మొదట్లో నిలబడి అందరూ వినేట్టు అడుగుతుంది. "దించకుండ ఎత్తినావా? ఒలకకుండ పోసినావా?" బిందె మోసినవాడు జవాబు చెప్పాలి. పైన చూసినవాళ్లు ఉండరు. వాడు ఏది చెబితే అదే ఖాయం. ఆ ఒక్క మనిషి మాట ఊరు నమ్మడమే ఆ మొక్కులో సగమని అమ్మ అనేది. నాకు నవ్వొచ్చేది.

చాలా ఏళ్లపాటు ఆ బిందె మోసింది బోరయ్య. నాలుగు మేకలు, రెండెకరాల మెట్ట ఉన్న మనిషి. ఆ రెండెకరాలు పార్కు హద్దుకు అవతల పడ్డాయి, లీజు రాలేదు. అందుకని ఊళ్లో అందరూ శెనక్కాయ మానేసినా అతను ఇంకా వేస్తున్నాడు. వరసకు నాకు చిన్నాయన అవుతాడు. నోట్లోంచి మాట రావాలంటే వక్కాకు నమలడం పూర్తి కావాలి, అంత నిదానం.

మూడేళ్ల కిందట ఒకసారి అతను కొండ దిగివచ్చాడు. రామలక్ష్మమ్మ అడిగింది. బోరయ్య తల వంచుకుని, "దించినా తల్లీ" అన్నాడు.

తప్పెట్లు ఆగిపోయాయి.

"కండ్లు తిరిగినాయి. పడిపోతానేమో అని బండమీద రవ్వంతసేపు దించి మళ్ల ఎత్తుకున్నా. ఒలకలేదు."

ఆ ఏడు వాన పడలేదు. మా పావగడ సీమలో వాన పడకపోవడం వార్త కాదు. బోరయ్య దించకుండా మోసిన ఏళ్లలో కూడా పడకుండా పోయిన ఏళ్లున్నాయి. కాని ఈసారి ఊరికి కారణం దొరికింది. దొరికిన కారణాన్ని ఊరు ఊరికే పోనిస్తుందా? అందరికన్నా ముందు మా మామ. రచ్చకట్ట మీద కూర్చుని బోరయ్యను ఎదురుగా నిలబెట్టి, "చాతకాకుంటే ముందే చెప్పల్ల గదప్పా. ఊరి నోట్లో మన్ను కొట్టేకి నీకెవురు చెప్పినారు?" అన్నాడు. బోరయ్య నిలబడి అంతా విన్నాడు. మామ ఊరుకోక అతనికి "దించినోడు" అని పేరు కూడా పెట్టాడు. పేరు పెట్టడంలో మామకు మంచి ఒడుపుంది, ఒకసారి పెడితే ఇక పోదు. విత్తనం కట్టుకుని పోతున్నప్పుడు దించినోడు ఎదురొస్తే జనం ఇంటికి తిరిగొచ్చి, నీళ్లు తాగి, మళ్లీ బయలుదేరేవాళ్లు. పిల్లలు కూడా "దించినోడి మేకలు" అని రాళ్లేసి తోలారు. ఆ పేరుకు నేను కూడా నవ్వాను. అబద్ధమెందుకు చెప్పాలి.

మరుసటి ఏడు ఆరుద్ర కూడా ఎండిపోయింది. బిందె ఎవరు ఎత్తాలన్న మాట వచ్చింది. అంత మాట్లాడిన నోరు ఊరికే ఉంటే నలుగురూ నవ్వరా? "నేనెత్తుతా" అన్నాడు మామ. అరవై ఒకటి దాటాయి ఆయనకు. కుడి మోకాలు ఏడాదిగా వాచి ఉంది.

మామ బిందె ఎత్తిన రోజు పొద్దున నేను డ్యూటీ దిగి వస్తుంటే మా అత్త ఈరక్క దారిలో ఆపింది. "అమ్మీ, వెనకపక్క మేకల దావన పోయి ఒగ పారి చూసి రావే. ఆ మోకాలితో యాడన్నా పడుంటే మనకు చెప్పేవాళ్లు కూడా ల్యా" అంది. ఎవరికీ తెలియకూడదని ఒట్టు వేయించుకుంది. నా చేతిలో ప్లాంటులో పట్టుకున్న రెండు లీటర్ల నీళ్ల బాటిలుంది. ప్యానెళ్లు కడిగే ఫిల్టరు నీళ్లే, మేము తాగేవీ అవే. యూనిఫారం కూడా మార్చుకోకుండా ఎక్కాను.

మేకల దారి నిటారుగా ఉంటుంది. బండ పగుళ్లలో కాలు పెట్టి, సీతాఫలం పొదలు పట్టుకుని, అక్కడక్కడ చేతులు కూడా ఆనించి ఎక్కాలి. సగం పోయేసరికి తప్పెట్ల చప్పుడు పక్క ఊరిదిలాగా వినబడింది. రెండు దారులూ కలిసే చోట, శిఖరం ఇంకా యాభై అడుగులుందనగా మామ కనబడ్డాడు. నున్నటి బండ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. బిందె పక్కకు పొర్లి ఉంది. బండ ఎంత కాలిందంటే తడి మచ్చ నా కళ్ల ముందే అంచుల నుంచి ఆరిపోతోంది.

"మోకాలు మడతబడిపాయనే" అన్నాడు. ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. కాసేపు బిందె వైపు చూసి, "దిగిపోయి చెప్తా. చెప్పల్ల గదా. బోరయ్య చెప్పలేదా?" అన్నాడు.

అని లేవబోయాడు కూడా. అప్పుడు లేచి దిగిపోయి ఉంటే ఈ కథ లేదు. ఆపింది నేను.

"ఏమని చెప్తావు మామా? పోయినేడు ఆయన్ని అన్న మాటలన్నీ ఈసారి నిన్నంటారు. రాయికి చెరువు నీళ్లయితే ఏంది, బాటిలు నీళ్లయితే ఏంది? ఇంద, ఇవి పొయ్యి. ఎవురు చూడొచ్చినారు?"

అని బాటిలు ఆయన చేతిలో పెట్టాను. నాకు నిజంగా అదొక పెద్ద విషయంగా తోచలేదు. ఆకలేస్తోంది, కాళ్లు పీకుతున్నాయి, పైగా రెండక్షరాలు చదువుకున్నదాన్నన్న పొగరు. మామ చాలాసేపు బాటిలు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పోయినేడు బోరయ్యను నిలబెట్టిన రచ్చకట్ట ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటుంది. చివరికి మూత తీసి నీళ్లు బిందెలోకి వంచుకున్నాడు. కుంటుతూ పైకి పోయి మల్లప్ప నెత్తిన పోశాడు. రెండు లీటర్లు ఆ రాయి సగానికి కూడా దిగలేదు. నేను వచ్చిన దారినే దిగి జనంలో కలిసిపోయాను.

"దించకుండ ఎత్తినావా? ఒలకకుండ పోసినావా?"

మామ జనాన్నంతా ఒకసారి కలయజూశాడు. చిట్టచివర తంగేడు పొద పక్కన, ఎవరికీ తగలకుండా, బోరయ్య నిలబడి ఉన్నాడు.

"దించలేదు. ఒలకలేదు" అన్నాడు మామ, ఆ పెద్ద గొంతుతోనే.

నాలుగో రోజు వాన మొదలైంది. కాకి వాలడానికీ తాటిపండు రాలడానికీ ఉన్నంత సంబంధమే మామ పోసిన నీళ్లకూ ఆ వానకూ ఉందని నేను ఇప్పటికీ అంటాను. కాని ఆ ఏడు కురిసింది మామూలు వాన కాదు. విత్తినవాళ్ల చేలు పచ్చబడ్డాయి, వంకలు పారాయి, దసరా దాటేసరికి పెద్దచెరువు నిండి మరువ పారింది. ముప్పై ఏళ్ల తర్వాత నీళ్లు అలుగు మీంచి దూకుతుంటే చూడ్డానికి రాయచెర్లు నుంచి, అరసికెరె నుంచి బైకుల మీద, ఆటోల్లో జనం వచ్చారు. మామను ట్రాక్టరెక్కించి దండలు వేసి ఊరేగించారు. కన్నడ అక్షరాల్లో "కలియుగ భగీరథ" అని ఫ్లెక్సు కట్టారు. మామ ట్రాక్టరు మీద తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఎంత వినయమో చూడండని జనం మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఆయన నోరు పడిపోయింది. పంచాయితీకి పిలిస్తే మోకాలు నొప్పి అన్నాడు. చెరువు గట్టు వైపు పోవడం మానేశాడు. ఎవరో చెరువు చేపలు తెచ్చిస్తే ముట్టుకోలేదు. గేటు దగ్గర ప్రతి పొద్దున ఎదురుపడితే నా కార్డు చూసి తలాడించేవాడు, అంతే. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. "కొండ మీద ఏమన్నా చూసి జడుసుకున్నాడేమే?" అని అత్త నన్ను అడిగింది. "ఏమీ ల్యా అత్తా" అన్నాను. ఆమె తాయెత్తు కట్టించింది. పాపం, మామ అదీ కట్టుకున్నాడు.

శెనక్కాయ పీకే రోజుల్లో ఒక సాయంత్రం బోరయ్య గంప నెత్తిన పెట్టుకుని మామ ఇంటికొచ్చాడు. నేను అక్కడే అత్తతో ఉన్నాను. గంప నిండా మన్ను కూడా వదలని పచ్చి కాయలు.

"రాయుడన్నా, మొదుటి సాలు పీకినవి. ఇన్నేండ్లల్లో నా చేను ఇట్ల కాసింది ల్యా" అన్నాడు. "నా చేత కానిది నీ చేతనయ్యింది. పోయినేడు నువ్వు నన్నన్న మాటల్లో తప్పేమీ ల్యాన్నా. నా మనసులో ఏం పెట్టుకోలేదు. అది చెప్పిపోదామని వచ్చినా."

అది ఎగతాళి అయి ఉంటే మామ బతికిపోయేవాడు. బోరయ్యకు ఎగతాళి చేయడం రాదు. అత్తే మర్యాద చేసి కాఫీ ఇచ్చి పంపింది. కాయలు ఉడకబెట్టి ముందు పెడితే మామ ఒకటి నోట్లో వేసుకుని, బయటికి పోయి ఉమ్మేసి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను వెనకే పోయాను.

"తల కొట్టేసినట్టుండాది మల్లికా" అన్నాడు. "చెప్పేస్తా."

"ఇప్పుడు చెప్తే ఏమొస్తాది మామా? చెరువు నిండింది గదా. అందరూ మరిచిపోతారు, నువ్వూ మరిచిపో" అన్నాను.

రెండోసారి ఆయన నోరు మూయించింది కూడా నేనే. నా ఉద్యోగం గేటు లోపల, నా పెళ్లి మాటలు ఊళ్లో. బాటిలు ఎవరిదన్న ప్రశ్న వస్తుందని నాకు భయం. ఆయన మీద ప్రేమతో అన్నానని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను.

చెరువు నిండాక బెంగళూరు నుంచి ఆదివారాల్లో బ్యాగులు తగిలించుకుని కుర్రకారు కొండెక్కడానికి రావడం మొదలైంది. మా ఊరి యువక సంఘం యోగీశ్ వాళ్లకు దారి చూపించేవాడు. బండల మీద తెల్లరంగుతో బాణాలు కూడా వేశాడు. వచ్చినవాళ్లు పైన నిలబడి ఒక పక్క చెరువు, ఒక పక్క చూపు ఆనినంత మేర ప్యానెళ్లు కనబడేట్టు ఫొటోలు దిగి పోయేవాళ్లు. కొండకో చరిత్ర ఉంటే బాగుంటుందని యోగీశ్‌కు తోచింది. మల్లప్ప పక్కన నల్లరాతి పలక పాతాలన్నాడు. సంఘం సరేనంది. దాని మీద చెక్కించిన మాటలు రెండు. మొదటిది, హనుమంతరాయుడు దించకుండా ఒలకకుండా మోసిన నీళ్లతో పెద్దచెరువు నిండిందని. రెండోది, ఇకమీద బిందె ఎత్తే హక్కు ఆ ఇంటిదేనని, దించిన బోరయ్య ఇంటివాళ్లు ఆ బిందె ముట్టరాదని.

నోటి మాటైతే ఒక తరానికి చెరిగిపోతుంది. రాతి మీద చెక్కితే బోరయ్య మనవరాలి మనవలు కూడా అది చదువుకోవాలి. మామ ఆ రాయి చూసి యోగీశ్ ఇంటికి కుంటుకుంటూ పోయాడు. "ఆ రెండో ముక్క తీసేయప్పా" అని బతిమాలాడు. నేను అప్పుడు పక్కనే ఉన్నాను.

"నీకు తెల్దు పెద్దాయనా" అన్నాడు యోగీశ్, ఫోను చూసుకుంటూనే. "మంచోడి పేరు నిలబడల్లంటే పక్కన చెడ్డోడి పేరు కూడా ఉండల్ల. బోరయ్యనే ఒప్పుకున్నాడు, ఉన్న మాటే గదా అన్నాడు."

శివరాత్రికి ముందు సోమవారం ఆ రాతి ఆవిష్కరణ పెట్టుకున్నారు. ఊరంతా కొండెక్కింది. రామలక్ష్మమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. మామ చేతికర్ర పట్టుకుని బాణం గుర్తు కనబడినచోటల్లా ఆగుతూ ఎక్కాడు. నేను ఆయన పక్కనే నడిచాను. ఆ నున్నటి బండ దగ్గరకొచ్చాక ఆయన నిలబడిపోయాడు. నేను తల తిప్పుకుని ముందుకు పోయాను.

మా వెనకాల ఒక మనిషి పెద్ద క్యాను భుజాన పెట్టుకుని వస్తున్నాడు. రాయి నిలబెట్టడానికి సిమెంటు కలపాలి కదా, దానికి చెరువు నీళ్లు. ఆ పని యోగీశ్ బోరయ్యకు చెప్పాడు, బోరయ్య కాదనలేదు. తను బిందె ముట్టరాదని చెక్కిన రాయిని నిలబెట్టడానికి తనే నీళ్లు మోసుకొస్తున్నాడు. మామ అది చూశాడు.

పైన గాలి బట్టలు లాగేస్తోంది. నిండిన చెరువును నేను అంత ఎత్తు నుంచి చూడడం అదే మొదటిసారి. గట్టు పొడవునా ఎండ నీళ్ల మీద పడి కళ్లు నిలవడం లేదు. చూసి సంతోషపడాల్సిన పూట. నేను మటుకు ఎప్పుడు దిగిపోదామా అని చూస్తున్నాను. యోగీశ్ రాతి మీద కప్పిన పసుపు గుడ్డ తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడతను ఫోను పైకి పట్టుకుని, "అవ్వా, ఆ పొద్దు అడిగినట్టే ఒగ పారి అడుగు, వీడియో తీసుకుంటాం. పెద్దాయనా, నువ్వు గట్టిగా చెప్పల్ల" అన్నాడు.

రామలక్ష్మమ్మకు వీడియో సంగతి అర్థమైందో లేదో. ఆమె మాత్రం ఎప్పుడూ అడిగినట్టే నిటారుగా కూర్చుని అడిగింది.

"దించకుండ ఎత్తినావా? ఒలకకుండ పోసినావా?"

"చెప్పు పెద్దాయనా" అన్నాడు యోగీశ్. మామ కర్ర కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"పడేసినా తల్లీ."

ఎవరో "ఎండ తగిలినట్టుండాది, నీళ్లియ్యండ్రప్పా" అన్నారు.

"ఎండ తగల్లే. నాకు బాగనే ఉండాది" అన్నాడు మామ. "అగో, ఆ బండ మీద మోకాలు మడతబడి బిందె పడిపాయ. చుక్క మిగల్లే. చెరువు నీళ్లు ఈ మల్లప్పను తాకనే తాకలే. బోరయ్య దించి, దించినానని చెప్పినాడు. నేను పడేసి, పడేయలేదని చెప్పినా. మీరందరూ నాకు దండలేసినారు, నేను ఏయించుకున్నా."

యోగీశ్ ఫోను దించాడు. రామలక్ష్మమ్మ ముందుకు వంగి, "మరి పోసిన నీళ్లు యాడివి?" అని అడిగింది.

నేను ఆయనకు రెండు బారల దూరంలో ఉన్నాను. నా చెయ్యి భుజానున్న సంచిని తడుముకుంటోందని తర్వాత తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటారే, అచ్చం అదే.

"నా దగ్గరుండిన బాటిలు నీళ్లు" అన్నాడు మామ.

"ఎవురిచ్చినారు?"

"ఎవురూ ఇయ్యలే. నేనే తీసుకపోయింటి."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో అని చాలారోజులు అనుకున్నాను. ఆయన చూడకపోవడం వల్లే నేను చెప్పలేదని నా తప్పు ఆయన మీద వేయడానికి కూడా ప్రయత్నించాను.

జనంలో గొణుగుడు మొదలైంది. చెరువు నిండింది గదా, ఇప్పుడేమిటికి ఈ మాట అని ఒకరు. ముసలోనికి మతి చెడింది అని ఒకరు. అందరికీ కోపమే. బోరయ్య దించినందుకు వాన పోలేదంటే ఏడాదంతా ఆ మనిషిని అన్న మాటలకు ఎవరు జవాబుదారి? అది తలా పిడికెడు పంచుకోవాల్సిన పాపం. ఎవరికీ చెయ్యి చాచాలని లేదు.

మామ బోరయ్య వైపు తిరిగాడు. "ఆ పేరు పెట్టింది నేనే బోరయ్యా. నీ కాయలు తిన్లేకపోయినా. నన్ను ఏమన్నా అను."

బోరయ్య క్యాను పక్కన పెట్టాడు. తిడితే బాగుండునని మాకందరికీ అనిపించింది. అతను తిట్టలేదు.

"నేనేమంటా అన్నా. ఈ రెండేండ్లు నేను ఒగటే అనుకుంటాంటి, ఆ పొద్దు నేను కూడా అబద్దం చెప్పింటే బాగుండు అని. మా మనవరాలు మేఘకు కూడా అదే చెప్పిచ్చినా. నిజం చెప్తే మీ తాతకు ఇట్ల ఆయ, నువ్వు మాత్రం యాడా చెప్పొద్దు తల్లీ అని." మామ వైపు చూసి, "ఇప్పుడు ఆ బిడ్డకు ఏం చెప్పల్లో నాకు తెలీడం ల్యా" అన్నాడు.

మామ అక్కడే బండ మీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ తువ్వాలు ఆయన దిగడానికి లేచేదాకా తీయలేదు. రామలక్ష్మమ్మ "ఆ రాయి పాతొద్దు" అని ఒక్క మాట అంది. కుర్చీ ఎత్తమంది. తెచ్చుకున్న పులిహోర పొట్లాలు కూడా విప్పకుండా ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు.

దిగేటప్పుడు మామ మోకాలు నిలవలేదు. బోరయ్య వచ్చి ఆయన చంకలో చెయ్యి వేసి లేపాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ దిగారు. నేను వాళ్ల వెనకాలే ఉన్నాను, చేతిలో మామ కర్ర. కొండ దిగడానికి గంట పట్టింది. గంటసేపు ఆ ఇద్దరి వీపులు చూస్తూ నడిచాను. ఆ బాటిలు నాది అనడానికి మూడు మాటలు చాలు. నున్నటి బండ దగ్గర బోరయ్య ఆగి వెనక్కి తిరిగాడు.

"మల్లికా, జాగర్తమ్మా. ఈడ బండ జారతాది" అన్నాడు.

"సరే చిన్నాయనా" అన్నాను. ఆ పొద్దు ఆ కొండ మీద నేను నోరు తెరిచింది ఆ ఒక్కసారే.